కొసరు గంప

ఎవరు చేశారో తెలియని మేలు మనిషిని కుదురుగా ఉండనివ్వదు. రేపల్లె దిగువన సముద్రపొడ్డు పల్లెలో ఉండే పేరమ్మకి రెండేళ్ళుగా అదే అవస్థ.

డెబ్భై ఏడులో వచ్చిన ఉప్పెన ఆమె ఇంటినీ, అత్తగారినీ, మొగుడు సింగయ్య పడవనీ, వలనీ ఒక్క ఊపున ఊడ్చుకుపోయింది. తర్వాత ఏదో విదేశీ సంస్థవాళ్ళు వచ్చి కొత్త పడవ చేయించి ఇచ్చారు, వల కొనిచ్చారు. ఆ డబ్బు ఎక్కడెక్కడి జనమో చందాలు వేసుకుని పంపారట. వాళ్ళు లండనులో ఉంటారో లంకలో ఉంటారో పేరమ్మకి తెలియదు. పడవకి సాయపడిన వాళ్ళింటికి మొదటి వేటలో పడ్డ పెద్ద చేపని పంపడం ఆ పల్లె మర్యాద. సింగయ్య పెద్ద పండుగప్ప చేపని ఒడ్డున పడేసి, "ఇప్పుడు దీన్ని ఎవరింటికి పంపమంటావే?" అని అడిగాడు. చివరికి దాన్ని వాళ్ళే వండుకున్నారు. పేరమ్మకి ముద్ద దిగలేదు.

ఆమె ఎండుచేపల గంప ఎత్తుకుని పొద్దున్నే రేపల్లెలో రైలెక్కి తెనాలి బజారుకి వచ్చేది. రైలుపెట్టెలో ఆమెని చూసి జనం ముక్కులు మూసుకునేవారు. తెనాలిలో దిగాక వాళ్ళలోనే సగంమంది బేరానికి వచ్చేవారు. ఆకలికి పౌరుషమెక్కడ!

డెబ్భై తొమ్మిది చలికాలంలో ఆ బజారుకే ఒకరోజు సరోజ వచ్చింది. రైసుమిల్లు బసవేశ్వరరావుగారి భార్య, పేరమ్మకి పాత బేరమే. చేతిలో చందా డబ్బా, వెనక నలుగురు ఆడవాళ్ళు. కంబోడియా అనే దేశంలో యుద్ధమూ కరువూ కలిసి వచ్చాయనీ, పసిబిడ్డలు తిండి లేక రాలిపోతున్నారనీ కొట్టుకొట్టుకీ చెబుతోంది. "ఉప్పెనప్పుడు మన తీరానికి పడవలిచ్చిన సంస్థే ఇప్పుడక్కడ బియ్యం పంచుతోందండి" అంది.

ఆ మాట వినగానే పేరమ్మ గుండె గంతులేసింది. ఇన్నాళ్ళకి దారి దొరికింది! గబగబా కొంగుముడి విప్పి డబ్బులు తీసింది. సరోజ డబ్బాని వెనక్కి లాక్కుంది.

"అయ్యో, నువ్వెందుకు పేరమ్మా ఇవ్వడం? నీలాంటివాళ్ళ కోసమే కదా మేం ఊరంతా అడిగేది!"

సరోజ మంచిదే. కానీ మంచివాళ్ళు పొడిస్తే నెత్తురు కనబడదు. బతికినంతకాలం తను చెయ్యి చాచేదిగానే ఉండిపోవాలా? పేరమ్మకి ఆ పూట బేరాల మీద మనసు నిలవలేదు.

ఇంటికెళ్ళి చెబితే సింగయ్య నవ్వాడు. "ఇస్తానంటే వద్దనేవాళ్ళు కూడా ఉంటారా? కలికాలం!"

"నా చేతిది వద్దంటే నలుగురి చేతిదీ పోగుచేసి ఇస్తా. అప్పుడెట్టా కాదంటదో చూస్తా" అంది పేరమ్మ.

తెనాలి ఇల్లాళ్ళకి అసలు కంటే కొసరు ముద్దు. సోలెడు ఎండు రొయ్యపప్పు కొలిస్తే పైన గుప్పెడు కొసరు పోయాల్సిందే. అది పోయకపోతే కొలిచిందంతా మోసమన్నట్టు చూస్తారు. పేరమ్మ దీన్నే పట్టుకుంది. మర్నాడు తన పక్కన ఓ ఖాళీ గంప పెట్టుకుని, సోల కొలిచాక గుప్పెడు తీసి అందులో పోసేసి, "కొసరు ఇక కంబోడియా బిడ్డలకమ్మా" అనడం మొదలుపెట్టింది.

తేనెతుట్టె కదిపినట్టయింది. "ఎప్పుడూ లేనిది ఇదేం చోద్యం!" అని బేరాలన్నీ పక్కనే ఎండుచేపలమ్మే ధనమ్మ దగ్గరికి జరిగిపోయాయి. పొద్దెక్కేసరికి ధనమ్మ తట్ట ఖాళీ, పేరమ్మ తట్ట దాదాపు తెచ్చింది తెచ్చినట్టే ఉంది.

"దానం చేసి దరిద్రం తెచ్చుకుంటావేంటి వదినా?" అంది ధనమ్మ జాలిగా.

సరిగ్గా అప్పుడు మాణిక్యమ్మ వచ్చింది. ఈవిడ బేరానికి కూర్చుంటే అమ్మేవాళ్ళు ఇష్టదైవాన్ని తలుచుకుంటారు. సోల కొలిపించుకుని, సంచీలో పోయించుకుని, చెయ్యి చాచింది.

"నా కొసరేదే?"

"ఈ గంపలో పోశానండి. తిండిలేని పిల్లలకి."

"నా కొసరు దానం చెయ్యడానికి నువ్వెవరివే?" మాణిక్యమ్మ గొంతుకి బజారంతా ఇటు తిరిగింది. "ఇస్తే నేనిస్తాను. లేకపోతే ఇంటికి పట్టుకెళ్తాను. ముందు నా చేతిలో పెట్టు!"

పేరమ్మ చేతిలో సోల కిందపెట్టింది. సరోజ డబ్బా వెనక్కి లాక్కున్నప్పుడు తనలో రగిలిన కోపం ఇదే. ఇచ్చే చెయ్యి తనది కాకుండా చేశారని కదా తను అంత కుమిలింది! ఇప్పుడు ఇంతమందికి తనూ అదే చేసింది. బజారు మధ్యలో సిగ్గుతో తల వాలిపోయింది.

"తప్పయిందండి" అంది. గుప్పెడు రొయ్యపప్పు తీసి ఆవిడ చేతిలో పోసింది. "ఇది మీది. పట్టుకెళ్తారో, అందులో పోస్తారో మీ ఇష్టం."

మాణిక్యమ్మ చేతిలోకి చూసుకుంది, గంపలోకి చూసింది. "ఇంత పిసరు ఏ మూలకే?" అని గొణిగి దాన్ని గంపలో పోసింది. అంతటితో ఆగక సంచీలో చెయ్యి పెట్టి, డబ్బిచ్చి కొన్నదాంట్లోంచి కూడా గుప్పెడు తీసి పోసింది.

"ఉప్పెనలో బాపట్ల దగ్గర మా తమ్ముడింటి చుట్టూ ఉప్పునీళ్ళు నిలిస్తే, ఊరూ పేరూ తెలియనివాళ్ళు వచ్చి గంజి పోశారే" అంది. ఈసారి గొంతు చాలా చిన్నదైంది. "వాడి పిల్లలు ఇవాళ బతికున్నారంటే వాళ్ళ చలవే."

మర్నాటినుంచి పేరమ్మ పద్ధతి మారింది. కొసరు ముందు కొన్నవాళ్ళ చేతిలో పెట్టేది. ఆ తర్వాత గంప చూపించేది. ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ముఖాల్లోకి ఆమె చూసేది కాదు. కానీ చాలామంది గంపలోకి వంచేవారు. ధనమ్మా ఓ గంప పెట్టింది. మిరపకాయల వాళ్ళూ, పప్పుల వాళ్ళూ పెట్టారు. బజారు కట్టేశాక పోగైనదంతా హోటళ్ళవాళ్ళు కొనుక్కునేవారు. సంగతి విని సరోజ చూడడానికొచ్చింది.

"ఆ రోజు నిన్ను చాలా నొప్పించాను పేరమ్మా."

"మీ డబ్బా చూశాకే కదమ్మా నాకీ ఆలోచన తట్టింది" అంది పేరమ్మ. మనసారానే అంది.

తెనాలి, బాపట్ల, రేపల్లె కార్యకర్తలు పోగుచేసినది అప్పజెప్పడానికి బాపట్లలో ఓ బడి హాల్లో కలిశారు. సరోజ పేరమ్మని వెంటబెట్టుకుని వెళ్ళింది. సంస్థ తరఫున వచ్చిన ప్రకాశరావు ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. పేరమ్మ వంతు వచ్చింది. డబ్బుల మూట బల్ల మీద పెట్టింది.

"మీరు ఏ సంఘం తరఫునండి?" అని అడిగాడాయన.

"సంఘమేం లేదండి. నేను మీ దగ్గర పడవ పుచ్చుకున్నదాన్ని" అంది పేరమ్మ. "ఇది మా బజారు జనం ఇచ్చింది. ఇందులో నాదీ ఉంది."

ప్రకాశరావు లేచి నిలబడి ఆ మూటని రెండు చేతులా అందుకున్నాడు. పేరమ్మ కదల్లేదు. ఇంకేదో అడగాలని ఉంది ఆమెకి.

"బాబూ, ఆ బిడ్డల తల్లులకి మేమెవరమో తెలుస్తదా?"

"తెలియదమ్మా. ఎవరో పంపారని మాత్రం తెలుస్తుంది. పాపం, ఎవరికి కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియక వాళ్ళు మథనపడతారు. మీ పేరు రాసి పంపమంటారా?"

"వద్దు బాబూ" అంది పేరమ్మ. "వాళ్ళూ నాలాగే ఎవరికో ఒకరికి ఇచ్చుకుంటార్లే."

అలా అంటూనే ఆమెకి తెలిసింది, తన పడవకి చందాలేసినవాళ్ళు కూడా ఎక్కడో కూర్చుని సరిగ్గా ఇదే మాట అనుకుని ఉంటారని. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అంతమంది ముందూ హాయిగా ఏడ్చేసింది. సరోజ వచ్చి ఆమె పక్కన నిలబడింది.