నూట నాలుగున్నర డిగ్రీలు

రవీందర్ సార్‌కు వరుస అంటే ప్రాణం. ల్యాబులో సీసాలు ఏబీసీడీల వరుసలో ఉండాలి, గుమ్మం బయట చెప్పులు రోల్ నంబర్ల వరుసలో ఉండాలి, ఆఖరికి టీ కూడా అదే వరుసలో పంచాలి. పాల్వంచ దాటాక భద్రాచలం రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట ఉన్న ఆ ఫార్మసీ కాలేజీలో డిపార్టుమెంటు హెడ్డు ఆయనే. కాబట్టి ఆయన పిచ్చే అందరికీ రూలు. ఎంఫార్మసీ క్లాసులో అక్సాది ఒకటో నంబరు గనక టీ ముందు ఆమెకే వచ్చేది. అంతకు మించి ఆ మనిషి వల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు.

ఇప్పుడైతే ఆ పేరు వింటేనే అక్సాకు ఒళ్ళు మండిపోతోంది. మండదా మరి?

మందు అణువు మన ఒంట్లోని ప్రొటీన్‌కు ఎలా అతుక్కుంటుందో కంప్యూటర్ తెర మీద బొమ్మ కట్టి చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అతుక్కున్న చోట మూడు పరమాణువుల మధ్య కోణం కొలవాలి. మూడూ తిన్నగా ఒకే గీత మీదికి వస్తే, అంటే కోణం నూట ఎనభై డిగ్రీలకు దగ్గరైతే, పట్టు గట్టిదని అర్థం. వందల అణువులను ఒక్కొక్కటిగా మౌస్‌తో నొక్కి కొలవాలంటే ఎప్పటికి తెమిలేది! అందుకని అక్సా ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాసింది. ఏ మూడు పరమాణువులో నంబర్లు చెబితే చాలు, అన్నిటినీ అదే కొలుచుకుంటూ పోతుంది. అందులో ఉన్న కిటుకల్లా ఒక్కటే: కోణం ఏ పరమాణువు దగ్గర ఉందో దాని నంబరు నడుమ రావాలి. మోచేతి వంపు కొలవాలంటే భుజం, మోచేయి, మణికట్టు అని చెప్పాలి. మోచేతిని తీసి చివర్న పెడితే కొలత ఇంకెక్కడిదో వస్తుంది.

రవీందర్ సార్ ఒకరోజు డిపార్టుమెంటు కంప్యూటర్లో ఆ ఫైలు తెరిచాడు. నంబర్లు ముందూ వెనకా ఉన్నాయి. ఆయన చెయ్యి ఊరుకుంటుందా? ఏ మూడు నంబర్లు వచ్చినా చిన్నదాని నుంచి పెద్దదాని దాకా సర్దే కోడు ముక్క ఒకటి నడుమ ఇరికించి, ఎవరికీ చెప్పకుండా మూసేశాడు. పాపం, పరమాణువులకు కూడా రోల్ నంబర్లే.

సంగతి తెలియని అక్సా ఆ లెక్కలతోనే వైవాకు వెళ్ళింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఎగ్జామినర్ శ్యామల మేడం తెర మీది బొమ్మనూ చేతిలోని పట్టికనూ మార్చి మార్చి చూసింది.

"బొమ్మలో మూడూ గీత గీసినట్టున్నాయి కదమ్మా. పట్టికలో ఆరు డిగ్రీలని రాశావేమిటి?"

అక్సా పట్టికలోకి తొంగి చూసేలోపే రవీందర్ సార్ అందుకున్నాడు. "ప్రార్థన చేస్కుంట కండ్లు మూసుకొని కొట్టి ఉంటది మేడం."

అక్సా వాళ్ళు క్రైస్తవులని అందరికీ తెలుసు. వెనక కూర్చున్న క్లాసంతా పగలబడి నవ్వింది. రిపోర్టు మీద 'విద్యార్థి అజాగ్రత్త' అని ఆయనే తన చేత్తో రాశాడు. వచ్చే నెల ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు. అదీ పోతే చదివిన రెండేళ్ళూ గంగలో కలిసినట్టే.

కొత్తగూడెంలో క్వార్టరుకు వచ్చి అక్సా ఏడుస్తూ కూర్చోలేదు. డిపార్టుమెంటు కంప్యూటర్లోంచి తెచ్చుకున్న ఆ ఫైలుతో ముందుగా నీళ్ళ అణువును కొలిచి చూసింది. నడుమ ఆక్సిజను, అటో హైడ్రోజను, ఇటో హైడ్రోజను. ఆ కోణం నూట నాలుగున్నర డిగ్రీలని ఇంటర్ చదివిన వాళ్ళెవరైనా నిద్రలో లేపి అడిగినా చెబుతారు. స్క్రిప్టు మాత్రం ముప్పై ఏడు పాయింట్ ఏడు అంది. నడుమ ఆక్సిజను పోయి హైడ్రోజను చేరితే వచ్చే కోణం అది. పైనుంచి కిందికి వెతికితే ఆ ముక్క దొరికింది. ఆమె రాసింది కాదు. ఆ కంప్యూటరున్న గది తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది, ఆ వరుసల పిచ్చీ ఒక్కరికే ఉంది.

మర్నాడు ఆయన గదికి వెళ్ళింది. "సార్, నా స్క్రిప్టు ఎవరో మార్చిన్రు."

"తప్పు రాసినోళ్ళంత గట్లనే అంటరు. పో, మంచిగ రాసుకరా." ఏం మార్చారని కూడా అడగలేదు.

రాత్రి అన్నం వడ్డిస్తూ తల్లి రిబ్కా బతిమాలింది. "డిగ్రీ చేతికొచ్చేదాంక ఓర్సుకో బిడ్డా. గాయన పేరు గూడ ప్రార్థనల పెడ్దాం."

"పెట్టుకో. నేను ఆమెన్ అనను."

బొగ్గుబావిలో డ్యూటీ దిగి వచ్చిన తండ్రి జకర్యా నవ్వు ఆపుకుంటూ, "అనకు" అన్నాడు.

అక్సా ఆ ముక్క తీసేసింది. దాని చోట తన కోపమంతా పెట్టింది. ఇక మీదట ఆ స్క్రిప్టు ఏ పని మొదలుపెట్టినా ముందు నీళ్ళను కొలవాలి. నూట నాలుగున్నర రాకపోతే ఆగిపోయి, ఎందుకు ఆగిందో చెప్పాలి. ఆ చెప్పే మాటలో మొదట రవీందర్ సార్ పేరే రాసింది. కాసేపు చూసి తుడిచేసింది. పేరు అక్కర్లేదు. ఆయన చెయ్యి ఎలాగూ ఊరుకోదు.

రెండో వైవా రోజు పొద్దున్నే ఫైలు డిపార్టుమెంటు కంప్యూటర్లో ఎక్కించమన్నారు. ఎక్కించింది. ఈసారి గదిలో ముగ్గురే. శ్యామల మేడం రాగానే సార్ తానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేను నడుపుత మేడం. ఈ పిల్లలను నమ్మేటట్టు లేదు."

తెర మీద నీళ్ళ అణువు వచ్చింది. పక్కన 37.7 అని పడింది. కింద ఎర్ర అక్షరాలు వచ్చాయి: 'నీళ్ళ కోణం తప్పు వచ్చింది. ఎవరో పరమాణువుల వరుస మార్చారు. అది సరిచేసేదాకా ముందుకు పోను.'

"సూసిన్రా మేడం? మల్ల గదే కథ."

అక్సా తన ల్యాప్‌టాప్ తెరిచి మేడం ముందు పెట్టి, తన దగ్గరున్న స్క్రిప్టు నడిపింది. నీళ్ళు నూట నాలుగున్నర అన్నాయి. ఆ వెంటే మందు అణువుల కొలతలన్నీ బొమ్మలకు సరిపోయేలా వచ్చాయి.

మేడం రెండు తెరలూ చూసింది. "సార్, ఇవాళ ఈ ఫైలు ఎవరైనా ముట్టుకున్నారా?"

"నేనే మేడం. మార్చిందేం లేదు. నంబర్లు అడ్డదిడ్డంగ ఉంటే వరుసల పెట్టిన, అంతే. పోయినసారి గూడ నేనే పెట్టిన." ఆ మాట గర్వంగానే అన్నాడు.

"మరి నడుమ ఉండాల్సింది ఎక్కడికి పోయింది సార్?"

రవీందర్ సార్ ఎర్ర అక్షరాలను మళ్ళీ చదివాడు. మేడం రిపోర్టు మీద ఆయన రాసిన మాట కొట్టేసి, పాస్ అని రాసి సంతకం పెట్టింది.

వరండాలోకి వచ్చాక సార్ అక్సా పక్కకు చేరాడు. ఒక్క మాట, తప్పయిందని నెమ్మదిగా అని ఉంటే ఆమె కోపం సగం చల్లారేదేమో.

"పాసైనవ్ గద, ఇగ లోపలి ముచ్చట లోపల్నే ఉండనీ. ఎంతైనా నీకు స్క్రిప్టులు నేర్పింది నేనే గద."

నేర్పాడట! అక్సాకు కోపం నషాళానికి అంటింది. "నన్ను క్లాసుల అన్నరు సార్. క్లాసులనే చెప్పాలె. వరుస మార్చింది మీరని, నేను కాదని."

"సూద్దాం తియ్."

ఆయన చూద్దామన్నది ఏదీ ఇంతవరకు ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నం క్లాసుకు వచ్చి, ఏమీ జరగనట్టే హాజరు పట్టీ తెరిచాడు. "ఒకటి."

అక్సా పలకలేదు.

"ఒకటి!"

మనిషి ఎదురుగానే కూర్చుని ఉంది. టిక్కు పెట్టుకుని రెండుకు పోవచ్చు. ఇంకెవరైనా అలాగే పోయేవాళ్ళు. రవీందర్ సార్ పెన్ను మొదటి గడి మీదే ఉండిపోయింది. అక్సా లేచి నిలబడింది.

"ముందు ఆ మాట చెప్పున్రి సార్. తర్వాత పలుకుత."

ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్విన భవాని, రెండో నంబరు, ఇప్పుడు బెంచీలో కదలకుండా కూర్చుంది. ఒకటి పలకందే రెండును పిలవడం ఆ మనిషికి చేతకాదు. రవీందర్ సార్ పెన్ను కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.