రాంజీ ఒంటి చలి

కురవి దగ్గరి తండాలో ఎండకాలం పొద్దెక్కిందంటే అందరి మంచాలూ రాంజీ ఇంటి ముందుకే జరిగేవి. పుట్టినప్పటి నుంచీ అతని ఒంట్లోంచి చలి వచ్చేది. ఆడవాళ్లు పాలగిన్నెలు అతని కాళ్ల దగ్గర పెట్టి పనులకు పోయేవాళ్లు. అతను నడిపే కిరాయి కారులో ఏసీ ఎప్పుడో చెడిపోయింది. బాగు చేయించమని ఒక్కరూ అనలేదు. ముందు సీటు కోసం మాత్రం కొట్లాడుకునేవాళ్లు.

చలికాలం అటు దిక్కు ఎవరూ వచ్చేవాళ్లు కాదు. బిడ్డ ఉమ పుట్టింది చలికాలంలోనే. రాంజీ ఎత్తుకుంటే చాలు, దాని పెదవులు నీలంగా మారేవి. దగ్గు పట్టుకొని విడవకపోయేసరికి భార్య జమ్లీ బిడ్డను కొంగులో చుట్టుకొని, భూపాలపల్లిలో ఉండే తమ్ముడు కుమార్ ఇంటికి పోయింది. "ఎండలు ముదిరినంక వస్త," అని చెప్పింది. ఎండలు ముదిరాయి. ఆమె రాలేదు. అడిగితే ఇంకో వారం, ఇంకో వారం అనేది. రాంజీకి కాలు ఒకచోట నిలవడం మానేసింది. తింటూ లేచి తిరిగేవాడు, మంచం మీద పడుకొని మళ్లీ లేచేవాడు.

ఒక మధ్యాహ్నం కుమార్ ఫోన్ చేశాడు. "బావా, పాపకు వడదెబ్బ తాకింది. దవాఖానల ఉన్నం. ఒళ్లు కాలిపోతున్నది. జల్ది రా."

రాంజీ ఉన్నపళంగా బయలుదేరాడు. మహబూబాబాద్ చేరేలోపే కారు గుంజడం మానేసి, వెనక నల్లటి పొగ వదలసాగింది. ఎలాగో ఈడ్చుకొచ్చి మెకానిక్ బుష్రా షెడ్డు ముందు ఆపాడు. తండ్రి ఫకీర్ అహ్మద్ దగ్గర పని నేర్చుకొని, ఇప్పుడు షెడ్డంతా ఆమే చూసుకుంటోంది.

"ఇంజన్‌కు గాలి కొట్టే టర్బో పోయినట్టుంది అక్కా. జర జల్ది చూడు. బస్సులు మారుకుంట పోతే పొద్దుగూకుతది."

బుష్రా స్కానర్ తగిలించి చూసింది. "టర్బో మంచిగనే ఉన్నది. ఇంజన్ పీల్చే గాలి ఎంత వేడున్నదో చెప్పే సెన్సర్ ఉంటది, గది మైనస్ నలభై చూపిస్తున్నది. అంత చల్లగాలి అనుకొని ఇంజన్ డీజిల్ ఎక్కువ పోసుకుంటున్నది. గందుకే పొగ." అంటూనే అతని వైపు చూసింది. "నువ్వు రోడ్డు అవతలికి పో అన్నా. పక్కన నువ్వుంటే ఏది నిజమో నాకు తెల్వది."

రాంజీ పోయి చాయ్ బండి దగ్గర నిలబడ్డాడు. తాగేవాళ్ల గ్లాసుల్లో పొగలు ఆగిపోయాయి. బండాయన స్టవ్ మంట పెంచాడు. రాంజీ అక్కడే అటూ ఇటూ తిరిగాడు. బిడ్డ దగ్గూ తన వల్లే, జమ్లీ పోవడమూ తన వల్లే, ఇప్పుడు కారు కూడానా?

బుష్రా చెయ్యి ఊపి పిలిచింది. "నువ్వు అంత దూరం పోయినా గా అంకె కదల్లే. సెన్సర్ ప్లగ్గు పీకి రెండు వైర్లూ కలిపిన, ఎగిరి నూట నలభై మీదికి పోయింది. వైర్లు మంచిగున్నయి, సెన్సరే పోయింది. ఇందుల నీ చలి తప్పేం లేదన్నా."

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. రాంజీ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఫకీర్ అహ్మద్ స్కూటర్ మీద పోయి కొత్త సెన్సర్ తెచ్చాడు. బుష్రా దాన్ని వైరుకు తగిలించి గుప్పిట్లో పట్టుకుంది. స్కానర్‌లో అంకె ముప్పై ఆరు దగ్గర ఆగింది. రాంజీ గుప్పిట్లో పెడితే జారి జారి తొమ్మిదికి దిగింది. "ఇద్దరి దగ్గర నిజమే చెప్పింది," అని ఆమె దాన్ని గాలిగొట్టంలో బిగించింది.

కారు మళ్లీ గుంజింది. నర్సంపేట దాటాడు, ములుగు దాటాడు. పోయి మాత్రం ఏం చేస్తాడు? బిడ్డను ఎత్తుకునే యోగం కూడా లేదు. అయినా కాలు ఆక్సిలరేటర్ మీంచి లేవలేదు.

దవాఖానలో కరెంటు లేదు. తెచ్చిన మంచుగడ్డలన్నీ కరిగిపోయాయి. నర్సు మంగమ్మ తడిబట్టలు మార్చి మార్చి వేస్తోంది. జమ్లీ కళ్లు వాచి ఉన్నాయి. రాంజీ గుమ్మంలోనే ఆగిపోయాడు. "నేనిక్కన్నే ఉంట," అన్నాడు.

మంగమ్మ తల తిప్పింది. "గీ చలి నీదేనా? మరి గుమ్మంల నిలవడి ఏం జేస్తవయ్యా! అంగీ విప్పి కూసో."

జమ్లీ ఒక్క క్షణం అతన్నే చూసింది. తర్వాత తానే లేచి, బిడ్డను తెచ్చి అతని ఛాతీకి ఆనించింది. నిప్పు ముద్ద పెట్టినట్టయింది. ఉమ కొంతసేపు గుక్కపట్టి ఏడ్చింది, తర్వాత మూలిగింది, తర్వాత ఊపిరి నెమ్మదించింది. మంగమ్మ జ్వరం చూసి, మళ్లీ చూసి, "దిగుతున్నది. కదలకు," అంది.

"పెదవులు నీలమైతున్నయా?" రాంజీ వంగి చూడలేక అడిగాడు.

"లేదు. ఎర్రగున్నయి." జమ్లీ అతని పక్కన కూర్చుంది. "ఎండలు ముదిరిన్నాడే రావాలనుకున్న. మళ్ల చలికాలం వస్తది కదా అని భయపడ్డ."

"చలికాలం నేను వేరే ఉంట తీయ్."

"ఏం అవసరం లేదు. దీన్ని నా అవతల పక్కకు పండవెట్టుకుంట, మధ్యల రెండు బొంతలు వేస్త," అంది జమ్లీ. కిటికీలోంచి ఇంకా వడగాలి కొడుతోంది. ఆమె చెమట పట్టిన వీపును అతని భుజానికి ఆనించి కళ్లు మూసుకుంది.