ఎడమ దీపం అద్దం

లిఫ్టుల మెకానిక్ ఇంట్లో మూడు గదులుంటే రెండు మనుషులవి, ఒకటి పెట్టెలది. ఒక్కో పెట్టెలో ఒక్కో కారు ఉంటుంది, ముక్కలు ముక్కలుగా, ప్లాస్టిక్ ఫ్రేములకు అంటుకుని. ఆ ముక్కల్ని కత్తిరించి, అరగదీసి, రంగులేసి, అతికించి, అచ్చం అసలు కారులా కట్టుకోవాలి. అన్నీ అతను నిక్కర్లు వేసుకునే రోజుల నాటివి. వాటిని తయారుచేసిన కంపెనీలు చాలావరకు మూతపడ్డాయి. అలాంటివి నూట పన్నెండు పోగేశాడు మహానుభావుడు. కట్టినవి తొమ్మిది. తక్కినవాటికి సీలు కూడా విప్పలేదు.

"ఈ వీధిలో ఇన్ని కార్లున్న ఇల్లు మనదొక్కటే. అయినా నా బతుకు బస్సులోనే," అనేది భార్య. ఆవిడ పళ్లు చేస్తుంది. అంటే డాక్టరు కాదు. డాక్టర్లు నోట్లోంచి అచ్చు తీసి పంపిస్తే, దాన్ని బట్టి కట్టుడు పళ్లూ తొడుగులూ చేసే ల్యాబులో ఇరవయ్యారేళ్లుగా పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి జుట్టు నిండా ప్లాస్టర్ దుమ్ము. మెకానిక్ ఆ దుమ్ము చూసేవాడే గానీ, అది ఏ పని మీద లేచిందో ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు. మనిషి చెడ్డవాడని కాదు, పెట్టెల ధ్యాసలో పడితే ఒళ్లు తెలియదు.

ఆ నూట పన్నెండింటిలోనూ అతనికి ప్రాణంలాంటి పెట్టె ఒకటుంది. అందులోని కారు అసలు కారులో ఎనిమిదో వంతు. కడితే మూరకు పైగా పొడవుంటుంది. స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి, తలుపులు తెరుచుకుంటాయి, బానెట్ ఎత్తితే ఇంజను కనిపిస్తుంది. ఆరు వందల పైచిలుకు ముక్కలు. దాన్ని ఇరవై రెండేళ్లుగా కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఎండ తగలనిచ్చాడా, లేదు. తేమ తగలనిచ్చాడా, లేదు. పేరు కనిపించేలా అల్మరాలో పుస్తకంలా నిలువుగా నిలబెట్టి, రోజుకోసారి చూసుకుని మురిసిపోయేవాడు. ఎప్పుడు కడతావని ఎవరైనా అడిగితే, "దానికి తగ్గ చెయ్యి ఇంకా రాలేదు," అనేవాడు.

చెయ్యి రాకపోగా ఉన్న చెయ్యే పోయేలా ఉందని ఆ ఏడు తెలిసింది. ముందు టీ కప్పు సాసర్‌లో టకటకలాడింది. తరువాత లిఫ్టు ప్యానెల్లో సన్న స్క్రూ పట్టబోతే స్క్రూడ్రైవర్ గాడి దాటి జారిపోయింది. డాక్టరు చేతులు చాపమన్నాడు, కాగితం మీద గుండ్రంగా చుట్టలు గీయమన్నాడు. గీసినవి చూసి, "ప్రాణానికేం ప్రమాదం లేదు. కానీ తగ్గేది కాదిది, మెల్లగా పెరుగుతుంది. సన్న పని ఏమైనా మిగిలుంటే ఈ ఏడాదిలోనే చేసుకోండి," అన్నాడు.

ఇంటికొచ్చి అల్మరా ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇప్పుడు కట్టకపోతే ఇక ఈ జన్మలో కట్టడు. అది కూడా తన చేత్తోనే కట్టాలి. ఇంకొకళ్లు వేలు పెడితే అది తన కారు కాదని అతని పట్టుదల.

ఆదివారం పొద్దున్నే స్నేహితుణ్ణి పిలిచాడు. ఆ స్నేహితుడు టైలర్. అతనికీ ఇదే పిచ్చి, కాకపోతే సీట్లకు నిజం తోలు కుట్టేంత ముదిరిన పిచ్చి. బల్ల మీద తెల్ల దుప్పటి పరిచారు. మెకానిక్ బ్లేడుతో సీలు కోస్తుంటే టైలర్ ఊపిరి బిగబట్టాడు. మూత లేవగానే పాత ప్లాస్టిక్ వాసన, కొత్త చెప్పుల దుకాణంలోకి వెళ్లినట్టు గుప్పుమంది.

తొలి ఫ్రేము చేతిలోకి తీసుకుని మెకానిక్ వెలుతురు వైపు తిప్పాడు. స్పార్క్ ప్లగ్గు బియ్యపు గింజంత ఉంది, దాని మీద మరలు చెక్కారు. స్పీడు చూపే డయలు మీద అంకెలున్నాయి, భూతద్దం పెడితే చదవొచ్చు. సీటు ముక్క వెనక్కి తిప్పాడు. అతికించాక ఆ వైపు ఇక లోకంలో ఎవరికీ కనిపించదు. అక్కడ కూడా గుడ్డ మడతలూ, కుట్లూ, ఒక కుట్టు దగ్గర దారం కొస కాస్త బయటికి వచ్చినట్టూ చెక్కి ఉంది.

"చూశావా. ఎవడు చూస్తాడని చెక్కాడు ఇది?"

టైలర్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఎవడూ చూడడని తెలిసే చెక్కాడన్నా. వాడి చెయ్యి అలాంటిది."

ఎప్పుడో ఏ దేశంలోనో ఉక్కు అచ్చు మీద వంగి కూర్చుని, కనపడని కుట్టుకు కనపడని దారం చెక్కిన ఆ పేరు తెలియని మనిషికి మెకానిక్ మనసులోనే దండం పెట్టుకున్నాడు. ఇంతటి పని ఇరవై రెండేళ్లు చీకట్లో పెట్టానే అని సిగ్గు కూడా వేసింది.

అడుగున టైర్లున్నాయి. టైర్ల పక్కన గాజులా కనిపించే ప్లాస్టిక్ ముక్కల ఫ్రేము. దాన్ని లాగబోతే రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే చప్పుడు చేస్తూ ఊడొచ్చింది. మెకానిక్ దాన్ని కిటికీ వైపు ఎత్తి చూశాడు.

ఆ కారు ముందు దీపాల మీద వాలుగా, నీటిబొట్టు ఆకారంలో రెండు పారదర్శకమైన అద్దాలుంటాయి. దాని అందమంతా వాటిలోనే. కుడిది మచ్చలేకుండా ఉంది. ఎడమదాన్ని టైరు తినేసింది. మెత్తని టైరులోంచి ఏళ్ల తరబడి ఊరిన నూనె ప్లాస్టిక్‌ని కరిగించి, టైరు గాడులన్నీ దాని మీద నల్లగా ముద్రవేసి పెట్టింది.

"నిలువుగా నిలబెట్టావు కదన్నా," అన్నాడు టైలర్ మెల్లగా. "పడుకోబెట్టి ఉంటే టైర్లు తమ చోట తాము ఉండేవి. నిలబెడితే జారి దీని మీద ఒరిగాయి. పోనీ మధ్యలో ఒక్కసారి తెరిచి చూసుకున్నా తెలిసేది."

అవును మరి. పేరు కనిపించాలని నిలబెట్టింది తనే, సీలు పోతుందని తెరవనిది తనే. దొంగ ఎత్తుకుపోతే దొంగని తిట్టుకోవచ్చు, ఇక్కడ ఎవర్ని తిట్టాలి? వేరేది దొరికే అవకాశం లేదు. కుడిదానికి అచ్చు పోస్తే మళ్లీ కుడిదే వస్తుంది, ఎడమది రాదు. ఫ్రేముల్ని ఒక్కొక్కటిగా పెట్టెలో పెట్టేసి మూత వేశాడు. ఒంటికన్ను కారు కట్టే ప్రసక్తే లేదన్నాడు.

మూడు రోజులు మనిషి మనిషిలా లేడు. నాలుగో రోజు పొద్దున భార్య ల్యాబుకి బయల్దేరుతూ చెయ్యి చాపింది.

"ఆ బాగున్న అద్దం ఇలా ఇవ్వండి."

"ఎందుకు?"

"ఎడమది చేసి తెస్తాను."

మెకానిక్ తేరిపార చూశాడు. "నీకు ఈ పనేం తెలుసు?"

"కార్ల పని తెలీదు. కుడి వైపుది ఉండి ఎడమ వైపుది పోతే ఏం చెయ్యాలో తెలుసు. రోజూ చేసేది అదే కదా," అంది ఆవిడ చెప్పులు వేసుకుంటూ. "అంత నమ్మకం లేకపోతే మీరూ రండి."

నమ్మకం లేకే వెళ్లాడు. ఇరవయ్యారేళ్లలో ల్యాబు గేటు దాకా వెళ్లి గొడుగిచ్చి వచ్చినవాడే గానీ, లోపలికి అడుగుపెట్టడం అదే మొదలు. పొడవాటి గది, వరసగా బల్లలు, ఒక్కో బల్ల మీద చిన్న గ్యాసు మంట. అల్మరాల నిండా ప్లాస్టర్ దవడలు, ఒక్కోదాని కింద ఒక్కో నంబరు. ఆవిడ బల్ల మీద సగం చేసిన ముందుపన్ను ఒకటి ఉంది. మెకానిక్ వంగి చూశాడు. తెల్లగా ఉంటుందనుకున్న పన్నులో మొదట్లో పసుపు ఛాయ, కొసన నీలం ఛాయ, మధ్యలో వెంట్రుక కంటే సన్నని ఒక గీత.

"ఈ గీతేంటి? పగులా?"

"పక్క పన్నులో ఉంది. ఆ మనిషికి వయసొచ్చింది కదా. ఇది మాత్రం కొత్తగా మెరిస్తే నవ్వినప్పుడు తెలిసిపోతుంది." ఆవిడ ముందు చేతులు కడుక్కుంది. "నిజానికి ఎవరి నోట్లోకి వెళ్లిందో, వాళ్లెలా నవ్వారో నేనైతే ఇంతవరకు ఒక్కటీ చూళ్లేదు. ఇక్కణ్ణుంచి డబ్బాలో వెళ్లిపోతాయి."

ఆవిడ మైనపు ముద్ద మంట మీద మెత్తబరిచి, చిన్న కత్తితో చెక్కడం మొదలుపెట్టింది. పక్కన కుడి అద్దాన్ని నిలబెట్టింది. దాన్ని చూస్తోంది, చెక్కుతోంది. కొలిచేది తక్కువ, చూసేది ఎక్కువ. కుడివైపు వాలిన వంపు ఆవిడ కత్తి కింద ఎడమవైపు వాలుతూ వచ్చింది. ముఖం చూసుకునే అద్దంలోంచి దాని నీడని తీసి బల్ల మీద పెడుతున్నట్టే ఉంది. మెకానిక్ ముక్కున వేలేసుకున్నాడు. తను గీయాలంటే గ్రాఫు కాగితం, స్కేలు, వారం రోజులు కావాలి.

అయిపోయిందనుకున్నాడు. ఆవిడకి అవలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, కళ్లు మూసుకుని, రెండు బొటనవేళ్లూ ఒకేసారి వాటి మీద పైనుంచి కిందికి నడిపించింది.

"ఎడమ వేలు కాస్త ముందుగా దిగుతోంది," అంది.

మెకానిక్ తన వేళ్లతో తడిమి చూశాడు. ఏమీ తెలియలేదు. ఆవిడ కాగితం మందమంత మైనం గీసేసి మళ్లీ కళ్లు మూసుకుంది. ఈసారి తల ఊపింది.

ఆ మైనాన్ని బట్టి గట్టి ప్లాస్టర్ దిమ్మ పోసి, అది ఆరాక గాజులా నున్నగా రుద్దింది. పళ్ల మీద తొడిగే పారదర్శకమైన తొడుగుల కోసం ల్యాబులో ఒక మెషీను ఉంది. అందులో పలచని ప్లాస్టిక్ షీటు వేడెక్కి మధ్యలో కిందికి జారగానే, దిమ్మ మీదికి దించి గాలి లాగేస్తారు. మొదటి షీటు బుడగలొచ్చి పోయింది. రెండోది అంచులో ముడత పడింది. మూడోది దిమ్మకి చర్మంలా అతుక్కుంది. ఆవిడ కత్తిరించి, అంచులు రుద్ది, వెలుతురుకి ఎత్తి పట్టింది. కుడిదీ ఎడమదీ కలిసి రెండు కళ్లలా ఉన్నాయి.

మెకానిక్ రెండింటినీ అరచేతిలో పెట్టుకుని మార్చి మార్చి చూశాడు. చివరికి, "ఇన్నేళ్లుగా నువ్వు చేస్తున్న పని ఇదా," అన్నాడు.

"ఏమనుకున్నారు మరి?"

అతనేమీ అనుకోలేదు. అసలు నిజం అదే. ఎవరూ చూడని పని చేసినందుకు ఎక్కడో పేరు తెలియని మనిషికి దండం పెట్టుకున్నాడు, పక్కనే ఉన్న మనిషి జుట్టులోని దుమ్ము సంగతి మాత్రం అడగలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆవిడకి కిటికీ పక్క సీటిచ్చి, ఆవిడ చేతుల వంకే చూస్తూ కూర్చున్నాడు.

కారు కట్టడం మొదలైంది. లేచీ లేవగానే, టీ ముట్టకముందు గంటసేపు చెయ్యి కుదురుగా ఉంటుందని కనిపెట్టాడు. రోజూ ఆ గంటే. ఇంజను ఒక నెల పట్టింది. చక్రాలకీ స్ప్రింగులకీ మరో నెల. రంగు టైలర్ ఇంటి పెరట్లో వేశాడు, సీట్లకి టైలర్ తోలు ఇస్తానంటే వద్దన్నాడు, ఆ కుట్లు కప్పడానికి మనసొప్పలేదు. నాలుగో నెలకి గంట కాస్తా అరగంట అయింది. ఐదో నెలలో పావుగంట. ఒక్కో ముక్కా వెళ్లి తన చోట కూర్చుంటున్న కొద్దీ చెయ్యి వెనక్కి తగ్గుతూ వచ్చింది.

చివరికి దీపాల అద్దాలు మిగిలాయి. కుడిది ఎలాగో పెట్టేశాడు. ఎడమదాన్ని చిమటాతో పట్టి మూడుసార్లు ఎత్తాడు. మూడుసార్లూ కొస వణికి, బాడీకి తగలకముందే దించేశాడు. పారదర్శకమైన ముక్క మీద జిగురు ఒక్క చుక్క పక్కకి పడినా ఇక పోదు. భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. సాయం చెయ్యనా అని అడగలేదు. అతని పట్టుదల ఆవిడకి తెలుసు.

మెకానిక్ చిమటా ఆవిడ వైపు చాపాడు.

"నువ్వు పెట్టు."

"మీ చేత్తోనే కట్టాలన్నారుగా."

"అన్నాను. నువ్వు పెట్టు."

ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని, బల్ల మీదికి వంగింది. ఒక్క ఊపిరిలో అద్దం తన గాడిలో కూర్చుంది. సందు లేదు, చుక్క లేదు. మెకానిక్ స్టీరింగు మీద వేలు పెట్టి తిప్పితే ముందు చక్రాలు రెండూ మెల్లగా ఎడమకి తిరిగాయి. కిటికీలోంచి పడ్డ ఎండ రెండు దీపాల్లోనూ ఒకేలా మెరిసింది. ఆవిడ పిల్లలా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను చేసింది దాని చోట కూర్చుని మెరుస్తుంటే చూడటం ఇదేనండీ మొదలు," అంది.

జిగురు ఆరిందాకా ఆగి, మెకానిక్ మెత్తని తువ్వాలు పరిచి కారుని దాని మీద బోర్లా తిప్పాడు. ఈ పిచ్చి ఉన్నవాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. కట్టడం అయిపోయాక అడుగున, గేరు పెట్టె కింద రెండు వేళ్ల వెడల్పు చోటులో, కట్టినవాళ్లు పేరు రాస్తారు. సన్న పెన్ను తీసుకుని, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాయసాగాడు. అక్షరానికి అక్షరం ఊగిపోతూ, పడుతూ లేస్తూ వచ్చింది. అయ్యేసరికి నుదుట చెమట పట్టింది.

ఆవిడ వంగి చదివింది. అది తన పేరు, ఇంటిపేరుతో సహా.

"మీదేదండీ?"

"కింద రాద్దామనే అనుకున్నాను. చెయ్యి ఊగి నీదే అంత పెద్దదైపోయింది. చోటు చాల్లేదు."

ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుంది. ఆ వంకర అక్షరాలని మళ్లీ మొదటి నుంచి చదివింది. ఇరవయ్యారేళ్లుగా ఎన్నో వేల నోళ్లకి పళ్లు చేసి, ప్రతిదాని కింద ఎవరిదో నంబరు వేసి పంపిన మనిషి. మెకానిక్ కారుని సరిగ్గా తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనివ్వండి. ఇంకాసేపు ఇలాగే ఉండనివ్వండి."

మధ్యాహ్నం టైలర్ చూడటానికి వచ్చేసరికి కారు ఇంకా చక్రాలు పైకి పెట్టుకునే ఉంది.