పన్నెండూ పది

సెట్టమ్మ కోత మిల్లు గేటు దాటేసరికే ఆమె తమ్ముడు నోటినిండా రక్తంతో రంపపు పొట్టులో బోర్లా పడి ఉన్నాడు. మేస్త్రీ బావమరిది అతని వీపు మీద మోకాలు వేసి తొక్కిపట్టాడు. మేస్త్రీ అన్న, లారీ డ్రైవరు, గజం పొడవు చెక్క పట్టుకుని, ఎక్కడ కొడితే ఎముక విరుగుతుందో చూసి మరీ కొడుతున్నాడు. చుట్టూ ఇరవైమంది పనివాళ్ళు నిలబడ్డారు. ఒక్కడూ అడ్డు రాలేదు.

జరిగింది ఇదీ. ఆ ఉదయం మేస్త్రీ పెద్ద రంపం పళ్ళలో ఇరుక్కున్న చెక్కముక్కలు తీస్తుండగా ఎవరో స్విచ్ వేశారు. తొమ్మిదీ పదయింది అప్పుడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగిపడింది. మనిషిని ఆసుపత్రికి పంపి, గుమాస్తా ఆఫీసు కంప్యూటర్లో కెమెరా తెరిచాడు. రంపం దగ్గర కెమెరా లేదు, షెడ్డు తలుపు మీద ఉంది. తొమ్మిదీ పదికి ఆ తలుపు తీసుకుని లోపలికి వెళ్తున్నది సెట్టమ్మ తమ్ముడు. ఇంకేం కావాలి?

"ఆరింటికి వెళ్ళానన్నా! దూలాలు పేర్చి వచ్చేశా!" అని అతను ఏడుస్తూనే ఉన్నాడు.

"నా తమ్ముడి చెయ్యి తీసి, పైగా అబద్ధాలా?" మేస్త్రీ అన్న చెక్క విసిరేసి అతని జుట్టు పట్టుకున్నాడు. "రంపం వెయ్యండ్రా. వీడి చెయ్యి కూడా అక్కడే తీస్తా."

రంపం కూత మొదలైంది. సెట్టమ్మ ఆఫీసులోకి పరుగెత్తింది. గోడకి మిల్లు మొత్తానికీ మెయిన్ స్విచ్ ఉంది. దాని మీద చెయ్యి వేసింది కూడా. కానీ కరెంటు పోతే కంప్యూటరూ పోతుంది, రంపం లేకపోతే వాళ్ళకి గొడ్డలి ఉంది. అప్పుడు కంప్యూటరు తెర కేసి చూసింది. మూలన సమయం ఒంటిగంటా నలభై. గోడ గడియారంలో పదీ నలభై.

సరిగ్గా మూడు గంటల తేడా.

కంప్యూటర్లు బాగుచేసే ఈ మనిషికి సెట్టమ్మ అన్న పేరు పెట్టింది మిల్లు వాళ్ళే. ఏ పని చేసినా చివర "సెట్ అయిపోయింది" అని చేతులు దులుపుకుని వెళ్ళడం ఆవిడ అలవాటు. ఆ కంప్యూటరుకి రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు. ఒకదానిలో కోత కొలతలు గీస్తారు, రెండోదానిలో కెమెరా నడుస్తుంది. పెట్టె లోపలి గడియారం మాత్రం ఒక్కటే. కొలతల వైపు దాన్ని ఊరి సమయమనుకుని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. కెమెరా వైపు అది ప్రపంచానికంతటికీ లెక్కకి పెట్టుకున్న సమయమనుకుని, మొదట్లో ఎవరో తప్పుగా ఎంచిన వేరే దేశం లెక్కన మూడు గంటలు కలుపుతుంది. ఒకవైపు దిద్దితే రెండోవైపు తప్పుతుంది. పోయిన వారం కొలతల వైపు గడియారం మూడు గంటలు వెనకబడిందని గుమాస్తా పిలిస్తే, సెట్టమ్మ వచ్చి దిద్దింది, సెట్ అయిపోయిందంది. కంప్యూటర్ని ఆపి, రెండోవైపు తెరిచి చూడాలి. రెండు నిమిషాల పని. ఆకలేసి వెళ్ళిపోయింది.

ఆమె ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలీదు. వెళ్ళి మేస్త్రీ అన్న చేతిని కరుచుకుని పట్టుకుంది. అతను మోచేత్తో ముఖం మీద కొట్టాడు. ముక్కులోంచి రక్తం చిమ్మింది. మళ్ళీ పట్టుకుంది.

"తప్పు నాదన్నా! గడియారం నేను పాడుచేశాను. నన్ను కొట్టు, కానీ ముందు ఒక్కసారి వచ్చి చూడు!"

"దాని మాటలు వినకు బావా!" బావమరిది అరిచాడు. సెట్టమ్మ తమ్ముడి వేళ్ళు అప్పటికే రంపపు బల్ల మీద ఉన్నాయి. బావమరిది బూటుకాలితో వాటిని తొక్కాడు. పుల్లలు విరిగినట్టు చప్పుడైంది.

"ఇంకా పదకొండు కాలేదు!" సెట్టమ్మ గొంతు చించుకుంది. "పన్నెండు గంటల వీడియో ఆ కెమెరాలోకి ఎలా వచ్చిందో చెప్పన్నా! చెప్పి, ఆ తర్వాత కొయ్యి!"

ఆ మాటకి మేస్త్రీ అన్న ఆగాడు. సెట్టమ్మ తమ్ముణ్ణి ఈడ్చుకుంటూనే ఆఫీసులోకి వచ్చాడు. సెట్టమ్మ వీడియోని పన్నెండూ పది దగ్గరికి జరిపింది. అంటే అసలు తొమ్మిదీ పది. తెర మీద షెడ్డు తలుపు తెరుచుకుంది. మెడకి తువ్వాలు చుట్టుకుని లోపలికి నడిచి వెళ్తున్నది మేస్త్రీ బావమరిది.

మేస్త్రీ అన్న అతని వైపు తిరిగాడు.

"లోపలున్నాడని తెలీదు బావా," అన్నాడు బావమరిది. "నా అక్క మొగుడు. కావాలని చేస్తానా? భయమేసి..."

మేస్త్రీ అన్న సెట్టమ్మ తమ్ముణ్ణి వదిలేశాడు. అదే చేత్తో బావమరిది గొంతు పట్టుకున్నాడు. తలుపుకేసి కొట్టాడు, గోడకేసి కొట్టాడు, కాళ్ళు పట్టి షెడ్డులోకి ఈడ్చాడు. ఇందాక గుడ్లప్పగించిన ఇరవైమందీ ఇప్పుడు తలా ఒక చెయ్యి వేశారు. సెట్టమ్మకి ఒక్క క్షణం, సిగ్గులేకుండా, హాయిగా అనిపించింది. కొయ్యనీ అనుకుంది. అంతలో షెడ్డులోంచి అరుపు వినపడింది, అది అచ్చం తన తమ్ముడి అరుపులాగే ఉంది. మెయిన్ స్విచ్ లాగేసింది.

తెర నల్లబడింది. కానీ అంత పెద్ద రంపం వెంటనే ఆగదు. అది తిరిగి తిరిగి ఆగేలోపు బావమరిదివి రెండు వేళ్ళు పోయాయి.

పది రోజుల తర్వాత ఆమె మళ్ళీ మిల్లుకి వెళ్ళింది. కెమెరా వైపు ఒక్క వరుస ఆజ్ఞ రాసి, లోపలి గడియారాన్ని ఊరి సమయంగానే చదవమంది. తర్వాత ఆపి, కొలతల వైపు తెరిచింది. ఆపి, కెమెరా వైపు తెరిచింది. మళ్ళీ కొలతల వైపు. రెండిట్లోనూ ఒకే సమయం. కుడిచేతికి కట్టుతో తమ్ముడు పక్క స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. ఆ చేతిలో మూడు వేళ్ళు ఇక వంగవని డాక్టరు చెప్పేశాడు.

"అయిందా అక్కా?" అన్నాడు.

అలవాటైన మాట నాలుక చివరికి వచ్చింది. మింగేసింది.

"ఉండరా," అంది. "ఇంకోసారి ఆపి చూస్తా."