వాయిదా మాత్రలు

రజ పండుగ రేపనగా నేను సన్నికల్లు ముందు కూర్చుని మినపప్పు నూరుతుంటే, దుష్మంత్ వంటింట్లోకి వచ్చి ఉప్పు డబ్బా పక్కన మాత్రల అట్ట ఒకటి పెట్టాడు. "రేపు పొద్దున్నించే మొదలెట్టు. నీ డేటు సరిగ్గా స్నానం రోజుకే పడుతుందని అమ్మ చెప్పింది" అని, నా జవాబు కోసం ఆగకుండా పెరట్లోకి వెళ్ళిపోయాడు. అక్కడ మామిడి కొమ్మకు ఉయ్యాల తాళ్ళు కట్టిస్తున్నారు. నా తేదీలు నాకన్నా మా అత్తయ్యకే బాగా గుర్తు. ఆమె జపమాల ఏ పూటయినా తప్పుతుందేమోగానీ ఆ లెక్క తప్పదు. పిండంతా మిక్సీలో తిప్పేసినా, పండుగ ముందు రోజు గుప్పెడు పప్పయినా రాతి మీద నూరితీరాలన్నది ఈ ఇంటి ఆచారం. రేపటినుంచి మూడు రోజులు ఆ రాయిని ఎవరూ ముట్టుకోరు కనక, దాని పనంతా ఇవాళే చేసేయాలి. నా పని కూడా అంతే.

మూడు రోజులూ భూమి ముట్టులో ఉంటుంది. నాగలి కదలదు, గడ్డి కోయరు, నేలలో గునపం దించరు. ఆడవాళ్ళు నేల మీద ఉత్తి కాళ్ళతో నడవరు, భూదేవికి నొప్పి పుడుతుందని. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టి, ఉయ్యాలలూగి, పేకాడుకుని, తీపి కిళ్ళీలతో నోళ్ళు పండించుకుంటారు. వంట మగవాళ్ళదే. దుష్మంత్ ఏటా ఒక పూట వేటమాంసం వండుతాడు, ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ వాడి మరీ. గిన్నెలు కడగడం వంట కిందికి రాదట. నాలుగో పొద్దున ఈ సన్నికల్లునే భూదేవిగా కూర్చోబెట్టి, పసుపు రాసి, నీళ్ళు పోసి, సిందూరం పెట్టి, పూలు చుడతాం. ఆ స్నానం చేయించాల్సింది ఇంటి కోడలు, అదీ మడిగా ఉన్న కోడలు. మామయ్య పోయాక అత్తయ్య నుదుట సిందూరం పోయింది, రాతికి సిందూరం పెట్టే హక్కూ దాంతోనే పోయింది. అలా ఆ పని నాకొచ్చింది, దానితోపాటు ఈ మాత్రలూ వచ్చాయి. ముట్టయిన భూమికి స్నానం చేయించడానికి ముట్టయిన మనిషి పనికిరాదు. ఈ మాట నేను మొదటిసారి పైకి అన్నప్పుడు అత్తయ్య నన్ను వింతగా చూసి, "భూదేవీ నువ్వూ ఒకటా?" అంది.

మాత్రల అట్ట వంక చూస్తూ ఇంకాస్త నూరాను. దుష్మంత్ ఇవి కొనే దుకాణం మా వీధి చివరే ఉంది. దుకాణం అతను ఈయనతో బళ్ళో చదువుకున్నాడు. అందుకే నాకు ప్యాడ్లు కొనడం ఈయన వల్ల కాదు, "వాడేమనుకుంటాడు?" అంటాడు. బడిలో పాఠాలు చెప్పి వచ్చేటప్పుడు నేనే ఇంకో వీధిలో కొనుక్కుని, నల్ల కవరులో చుట్టించుకుని, దొంగసరుకులా బీరువా అడుగున పెట్టుకుంటాను. అదే దుకాణానికి, అదే స్నేహితుడి దగ్గరికి, రజ మాత్రలకు మాత్రం ఈయన దర్జాగా వెళ్తాడు. అవి పండుగ సామాను. బెల్లం, కొబ్బరికాయ, యాలకులు, భార్య మాత్రలు. ఇక నొప్పికి మాత్ర వేసుకుంటానంటే ఆ వైద్యమే వేరు. "అలవాటు పడిపోతావు, కిడ్నీలు పాడవుతాయి" అంటాడు దుష్మంత్. "ఒంటికి వేడి చేస్తుంది, వాము నీళ్ళు తాగు" అంటుంది అత్తయ్య. నా ఒంట్లోని రక్తాన్ని గడప అవతల నిలబెట్టడానికి వేసుకునే మాత్ర ఎవరి కిడ్నీలకూ హాని చెయ్యదు కాబోలు.

నొప్పి ఎలా ఉంటుందో చెప్పమని నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి నా దగ్గర సిద్ధంగా మాటల్లేవు. తడిబట్టను ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండుతున్నట్టు కడుపు మెలి తిరుగుతుంది. నడుము కిందనుంచి తొడల దాకా దిగుతుంది. వాంతి వస్తుంది. స్నానాల గదిలో గోడకు నుదురు ఆనించి నిలబడతాను, బయట ఎవరో ఒకరు బకెట్టు కోసం తలుపు కొడుతూనే ఉంటారు. పంటి బిగువున ఓర్చుకోవడం మా అమ్మ నేర్పింది. నేను నాలుగో ఆడపిల్లని, ఇక చాలని నాన్న నాకు ఇతిశ్రీ అని పేరు పెట్టాడు. ఆ ఇంట్లో ఎవరికి ఎప్పుడు నొప్పి అని అడిగే తీరిక ఎవరికీ లేదు. పెళ్ళయిన కొత్తలో ఈ ఊరి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారు. అది నొప్పి కోసం కాదు, ఇంకా కడుపు రాలేదని. నొప్పి సంగతి నేనే ఎత్తితే ఆయన నాకేసి చూడకుండా దుష్మంత్‌తో, "ఒక బిడ్డ పుడితే అదే సర్దుకుంటుంది" అన్నాడు. బిడ్డ పుట్టాడు. వాడిప్పుడు ఆరో తరగతి. సర్దుకున్నది మాత్రం నేనే.

పోయినేడు స్నానం అయిపోయాక మాత్రలు ఆపేశాను. ఆపిన రెండో రోజుకే గట్టు తెగినట్టయింది. అప్పుడే బళ్ళు తెరిచారు. నాలుగో తరగతిలో భాగహారం చెబుతూ చెబుతూ బల్ల పక్కన కూలబడ్డాను. పిల్లలు ఏడుస్తుంటే హెడ్మాస్టరు పరిగెత్తుకొచ్చి, తేరుకున్నాక మెల్లగా, "ఇంట్లో ఏమైనా గొడవా మేడం?" అని అడిగాడు. దుష్మంత్ అందరికీ బీపీ తగ్గిందని చెప్పాడు. చీర మీద మరకను మా బడిలోనే పాఠాలు చెప్పే రష్మిరేఖ తన పైట అడ్డం పెట్టి దాచింది. ఆ తరువాత ఆడ ఉద్యోగులకు నెలకొక రోజు సెలవంటూ సర్కారు ఉత్తర్వు వచ్చింది. హెడ్మాస్టరు దాన్ని స్టాఫ్‌రూములో పైకి చదివి, "వాడుకోండి మేడమ్స్, మీ హక్కు కదా" అని నవ్వాడు. ఆ నవ్వు చూశాక మాలో ఎవరం వాడుకోలేదు. సెలవు పెట్టిన రోజున ఇవాళ ఫలానా ఆవిడకని మగవాళ్ళంతా చెప్పుకుంటారు, ఆ మాత్రం ఊహించుకోగలం. సర్కారు ఇచ్చినా పూజారి వరమివ్వడన్నట్టుంది మా పని.

ఏప్రిల్‌లో పేపర్లు దిద్దే పని మీద కటక్ వెళ్ళినప్పుడు నన్ను లేడీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది కూడా రష్మిరేఖే. "నువ్వు చస్తే హెడ్మాస్టరు రెండు నిమిషాలు మౌనం పాటించి నీ క్లాసు నాకిస్తాడు, అందుకైనా పద" అంది. ఆ డాక్టరు నన్ను అడిగిన మొదటి మాట, "పనులు ఆగిపోయేంత నొప్పి వస్తుందా?" అని. ఆగిపోవండీ, చేసేస్తాను అన్నాను కాస్త గర్వంగానే. ఆవిడ రాస్తున్న కలం ఆపింది. "చేసేస్తావు సరే. చెయ్యగలవా అని అడుగుతున్నాను." ఇది అందరికీ ఉండే నొప్పి కాదనీ, గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట పెరిగితే ఇలా ఉంటుందనీ, స్కాను చేసి చూడాలనీ చెప్పింది. అంతవరకూ నొప్పి మాత్ర భరించి భరించి ఆఖర్న కాదు, మొదలవుతూనే ఏదైనా తిని వేసుకోమంది. వేడినీళ్ళ సంచి పెట్టుకోమంది. పండుగలకూ పబ్బాలకూ దుకాణంలో కొనుక్కుని వాయిదా మాత్రలు మింగొద్దని గట్టిగా చెప్పింది. అడగాలంటే నన్నడుగు, మీ ఇంట్లోవాళ్ళని కాదు అంది.

మే నెలలో చెప్పినట్టే చేశాను. బళ్ళకు సెలవులు, ఇంట్లో ఎవరూ లేరు. సన్నగా లాగడం మొదలవగానే నాలుగు ముద్దలు పఖాళ్, అదే నీళ్ళు పోసిన చద్దన్నం, తిని, మాత్ర వేసుకుని, వేడి సంచి పొత్తికడుపు మీద పెట్టుకుని పడుకున్నాను. పూర్తిగా పోలేదు. కానీ పక్కింట్లో పిల్ల హార్మోనియం మీద తప్పులు వాయించడం వినపడింది. కిటికీలోంచి గాలి రావడం తెలిసింది. నొప్పి వచ్చే రోజున నాకు వేరే శబ్దం వినపడడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. కాసేపు నిద్ర కూడా పట్టింది. లేచాక సంతోషపడతాననుకున్నాను. అలా ఏమీ కాలేదు, వెక్కి వెక్కి ఏడ్చాను. ఇంత చిన్న మాత్ర, ఇంత వేడినీళ్ళు. వీటి కోసమా ఇన్నేళ్ళు నేను గోడలకు నుదురు కొట్టుకున్నది? కోపం ఎవరి మీద చూపించాలో తెలియక దిండును గుద్దాను. అత్తయ్య మీదా, దుష్మంత్ మీదా, అమ్మ మీదా వచ్చింది. అందరికన్నా ఎక్కువగా, మంచిదాన్ననిపించుకోవాలని నోరు మూసుకున్న నా మీద వచ్చింది.

ఇక పప్పు నూరిన ఆ రోజు సాయంత్రం, పొడపిఠా అనే పండుగ రొట్టె పిండి అరటాకుల్లో చుట్టి నిప్పుల్లో పెట్టేశాక దుష్మంత్‌తో చెప్పాను, ఈసారి ఆ మాత్రలు వేసుకోనని. ఆయన ముందు నవ్వాడు. తరువాత కటక్ డాక్టరు సంగతి చెప్పాక ముఖం మారింది. నొప్పి గురించి ఒక్క మాట అడగలేదు. చెప్పకుండా ఎందుకెళ్ళావన్నాడు, ఆవిడతో ఇంట్లో సంగతులేం చెప్పావన్నాడు, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలీదా అన్నాడు. అమ్మ వింటుందని ఇదంతా గొంతు తగ్గించే. చివరికి బతిమాలుతున్నట్టు, "ఏడాదికి ఒక్కసారే కదా, అమ్మ ముచ్చట. ఈ ఒక్కసారికి వేసుకో" అన్నాడు. నేను మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని ఈ ఇంట్లో అందరికీ ఎప్పటినుంచో అలవాటు.

పండుగ మూడు రోజులూ కాళ్ళకు చెప్పులు వేసుకుని తిరిగాను. అత్తయ్య నా కాళ్ళకు పారాణి పెట్టింది, ఆమె చేతులు మెత్తగా ఉంటాయి. వీధి ఆడపిల్లల్ని ఉయ్యాలలో ఊపాను. ఎవరైనా అరిస్తే, నేల మీద ఏదైనా బరువుగా పడేస్తే అత్తయ్య కసురుకునేది. "మెల్లగా నడవండర్రా, ఆవిడకి ఒళ్ళు పచ్చిగా ఉంది" అనేది. అంత దయ ఆమె గొంతులో ఉందని నాకు తెలుసు, అది నిజమైన దయ. తన రోజుల్లో ఆమె కట్టుకున్న పాతగుడ్డల గురించీ, జ్వరంతో వరి దంచడం గురించీ ఒకసారి చెప్పింది, ఎవరో వేరే మనిషి కథ చెప్పినట్టు. ఆమెను ద్వేషించడం నాకు చేతకాదు. ఒక్కోసారి తేదీ తప్పి ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే బావుండునని కూడా అనుకున్నాను. స్నానం చేయించేసి, ఏ గొడవా లేకుండా, ఆ తరువాత పడుకోవచ్చని. ఇన్నేళ్ళ భయం ఒక్క డాక్టరు మాటకు పోతుందా? అట్ట చేతిలోకి తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టేశాను.

నాలుగో పొద్దున తెల్లవారుతుండగానే నడుము లాగడం మొదలైంది. లేచి ఒక ముక్క పిఠా తిన్నాను. నొప్పి మాత్ర వేసుకుని, నీళ్ళు కాచి సంచిలో పోసుకుని, వెనక గదిలో మంచమెక్కాను. పెరట్లో ముగ్గు పడింది. సన్నికల్లును కడిగి పీట మీద పెట్టినట్టున్నారు, పసుపు కలుపుతున్న వాసన గదిలోకి వచ్చింది. పక్కింటి ఆడవాళ్ళు పూలు తెచ్చి, కోడలెక్కడని అడుగుతున్నారు. దుష్మంత్ వచ్చి నన్నూ, సంచినీ చూశాడు. "వేసుకోలేదా?" అన్నాడు. లేదన్నాను. "అమ్మకి ఏం చెప్పను ఇప్పుడు?" అన్నాడు, బడి ఎగ్గొట్టిన పిల్లాడి ముఖంతో. మీరేం చెప్పక్కర్లేదు, నేనే చెప్తానన్నాను. ఇన్నాళ్ళూ నాకు దక్కిన మంచి పేరంతా ఈ పూటతో పోతుందని తెలుసు.

అత్తయ్య వచ్చి గడప అవతలే ఆగిపోయింది. తలంటు పోసుకున్న తడి జుట్టు, చేతిలో పసుపు గిన్నె. తిట్టలేదు. తిడితే నాకు సుళువయ్యేది. గొంతు తగ్గించి, "మూడు రోజులు ఓర్చుకుని భూదేవి స్నానానికి కూర్చుని ఉందే. ఎంతసేపని కూర్చోబెడతాం ఆవిణ్ణి?" అంది.

నేను లేవలేదు. వేడి సంచిని కొంచెం పైకి జరుపుకున్నాను.

"ఆవిడకి మూడు రోజులు అయిపోయాయి అత్తయ్యా" అన్నాను. "నాకు ఇవాళే మొదటి రోజు."