దొరసాని పొదిగిన చోటు

చచ్చిపోయిందనుకున్న కోడి, పిల్లల్ని వెంటేసుకుని తిరిగొస్తే ఇల్లంతా సంబరపడాలి. ఆ ఉదయం ఆ పెరట్లో సంబరం ఒక్క క్షణమే నిలిచింది.

కోడలు కోళ్లగూడు ఊడుస్తోంది. పక్కింటికీ తమ ఇంటికీ మధ్యనున్న కంచె కింద ఎండుటాకులు కదిలాయి. తొండేమో అనుకుంది. ముందు ఒక ఎర్రటి జుట్టు, తరువాత చుక్కల మెడ, ఆ వెనక గుప్పెడు పిల్లలు. ఒకటి ఆకు మీద జారి బోర్లాపడి, లేచి పరుగెత్తింది.

"అత్తయ్యా! దొరసాని!"

గూట్లోకి అన్నిటికన్నా చివర, మిగతావి దారి ఇస్తేనే వస్తానన్నట్టు మెడ సాచి నడిచేది కాబట్టి ఆ చుక్కల పెట్టకు అత్తగారు పెట్టిన పేరది. ఆమె చేతిలో కడుగుతున్న గిన్నెతోనే పరుగున వచ్చింది.

"నా తల్లే! ఎక్కడికి పోయావే ఇన్నాళ్లూ! బతికే ఉన్నావా!" అంటూ వంగి, పిల్లల్ని ఒక్కొక్కటిగా చూస్తూ నవ్వింది. ఆ తరువాత తలెత్తి, కోడి వచ్చిన దారి వైపు చూసింది. కంచెకు అవతల పాత చెక్కపలకల దొంతర, దాని పక్కనే రేకుల షెడ్డు. ఆ పెరడు మిషనమ్మది.

అత్తగారి నవ్వు అక్కడే ఆగిపోయింది. చేతిలో గిన్నె నుంచి నీళ్లు పాదాల మీద కారుతున్నా ఆమె కదలలేదు.

మిషనమ్మ బట్టలు కుడుతుంది. అసలు పేరు ఎవరూ పలకరు. ఒక్కతే ఉంటుంది. పెళ్లయి ఈ ఊరికి వచ్చినప్పుడు కోడలికి దొరికిన మొదటి స్నేహం ఆమెదే. పట్నంలో మూడో అంతస్తులో పెరిగిన పిల్లకి గుడ్డు అంటే అట్టపెట్టెలో వచ్చేది. ఇక్కడ అత్తగారు ఆమెకు గుడ్ల మీద కూర్చున్న పెట్టను భయపెట్టకుండా దాని పొట్టకింద చేయి ఎలా దూర్చాలో నేర్పింది. అప్పుడే పెట్టిన గుడ్డును చెంపకు ఆనించుకుంటే ఎంత వెచ్చగా ఉంటుందో మొదటిసారి తెలిసిన రోజు కోడలు దాన్ని వండనివ్వలేదు. ముంగిస ఒక పెట్టను ఎత్తుకుపోయినప్పుడు, తెగులొచ్చి మరొకటి గూట్లోనే ఒరిగిపోయినప్పుడు అత్తాకోడళ్లిద్దరూ అన్నం సగంలో వదిలేశారు. మధ్యాహ్నాలు మాత్రం కోడలు కంచె పక్క సందులోంచి మిషనమ్మ దగ్గరికి వెళ్లి కుట్టు నేర్చుకునేది. కాజాలు కుట్టడం వరకూ వచ్చింది.

దొరసాని మాయమవడంతో అదంతా ఆగిపోయింది.

ఆ రోజు ఇల్లూ వాకిలీ గాలించారు. ఎక్కడా రక్తం లేదు, పెనుగులాడిన గుర్తు లేదు. వెతుకుతూ కంచె మీదుగా తొంగిచూసిన కోడలికి మిషనమ్మ పలకల దొంతర దగ్గర చుక్కల ఈకలు కనిపించాయి. "అత్తయ్యా, అక్కడ ఈకలున్నాయి" అంది. ఆమె అన్నది అంతే.

అత్తగారు కోళ్లను కన్నబిడ్డల్లా చూసే మనిషి. కన్నబిడ్డకు ఏమైనా అయితే మనిషికి వివేకం ఉంటుందా? బిందె కూడా తీసుకోకుండా వీధి కుళాయి దగ్గరికి వెళ్లింది. వెనకే కోడలు బకెట్టుతో పరుగెత్తింది.

"కోడి తినాలనిపిస్తే అడగొచ్చుగా! వండి పెట్టనా? అడిగితే కాదన్నానా?" అంది అత్తగారు, అందరూ వినేలా.

మిషనమ్మ బిందె నింపుకుంటోంది. "ఎవరిని వదినా అంటున్నావు?"

"పేరు చెప్పాలా? ఎవరి పెరట్లో ఈకలున్నాయో వాళ్లకి తెలియదా?"

"నీ కోడి నాకెందుకు వదినా? నేను చూడనే లేదు."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుందట!" అంది వెనక నుంచి ఎవరో. నవ్వులు.

"ఇంతకీ ఎవరు చూశారు?" అని అడిగింది బడి ఆయా.

"నా కోడలు. కళ్లారా చూసింది."

అందరూ కోడలి వైపు తిరిగారు. మిషనమ్మ కూడా చూసింది. 'చూసింది ఈకలే, ఇంకేమీ కాదు' అంటే సరిపోయేది. కోడలు బకెట్టులోకి చూస్తూ నిలబడింది. బకెట్టు నిండి పొర్లుతోంది. ఎవరో కుళాయి కట్టేశారు.

ఆ మాట అక్కడితో పోలేదు. కోడిని మింగిన మనిషికి గుడ్డముక్క ఓ లెక్కా అన్నారు. బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్లు "మిగిలిన ముక్కలేవీ?" అని అడగడం మొదలుపెట్టారు. అంతకు ముందెన్నడూ ఎవరూ అడగలేదు. మిషనమ్మ కుట్టిన ప్రతి బట్టతోనూ వేలెడంత పీలికల్ని కూడా మూటగట్టి ఇవ్వసాగింది. కొందరు పక్క ఊరి దర్జీ దగ్గరికి మారిపోయారు.

ఇప్పుడు దొరసాని పిల్లలకు మట్టి గీరి చూపిస్తోంది. దాని రొమ్ము మీద ఈకలు లేక ఎర్రటి చర్మం కనిపిస్తోంది.

అత్తగారు దాన్నే చూస్తూ అడిగింది. "ఆ రోజు నువ్వు చూసిన ఈకలు... గట్టివా, మెత్తనివా?"

"మెత్తనివే. చిన్న చిన్నవి."

"పొదిగే పెట్ట రొమ్ము ఈకలు తనే పీక్కుంటుంది. గుడ్లకు ఒంటివేడి తగలాలని." అత్తగారు గట్టు మీద కూర్చుండిపోయింది. "ఇన్నేళ్లుగా పెంచుతున్నాను. నిన్ను ఒక్క మాట అడగలేదు చూడు."

పాలకేంద్రం నుంచి వచ్చిన కొడుకు, సంగతి విని, "అయితే చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారన్నమాట" అని నవ్వాడు. ఇద్దరిలో ఒక్కరూ నవ్వకపోయేసరికి తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయాడు.

అత్తగారు పిల్లల్నీ తల్లినీ గంప కింద కమ్మి, గంప మీద గోనెపట్టా కప్పింది. లోపల కిచకిచలు ఆగలేదు. "ఎంత సేపు దాస్తాం అత్తయ్యా?" అంటే, "దాచడం కాదు, గద్ద భయం" అంది ముఖం తిప్పుకుని. సాయంత్రానికి ఒక పడుచు పెట్టను పట్టి కాళ్లు కట్టి కోడలి చేతికిచ్చింది. "మిషనమ్మకి ఇచ్చిరా. మన పెట్టల్లో ఇదే మంచిది. కుళాయి దగ్గర సంగతి వీలు చూసి నేనే చెప్తాలే."

కోడలు పెట్టను చంకలో పెట్టుకుని వెళ్లింది. మిషనమ్మ కాలర్ కుడుతోంది. తలెత్తి, కోడిని చూసి, పెడల్ మీద కాలు ఆపింది.

"పిన్నీ, దొరసాని వచ్చింది."

"తెలుసు. పొద్దున నేనే పలక జరిపాను, పిల్లలు దాటలేకపోతుంటే."

మిషనమ్మ లేచి పెరటి తలుపు తీసింది. పలకల దొంతరకూ గోడకూ మధ్య సందులో పగిలిన గుడ్డుపెంకులు, నలిగిన ఎండుగడ్డి, మెత్తటి ఈకలు. వాన పడకుండా పైన ఒక గోనెసంచి వేలాడుతోంది. పక్కన స్టీలుగిన్నెలో తేటగా నీళ్లు. ఆ గిన్నె కోడలికి తెలుసు. కుట్టు నేర్చుకునే రోజుల్లో తాను దానితోనే నీళ్లు తాగేది.

"ఎప్పుడు చూశారు పిన్నీ?"

"మీ అత్త అరిచిన మర్నాడే. ఈకలు ఈకలంటోంది, ఎక్కడివా అని చూస్తే మహారాణి లోపల కూర్చుని ఉంది."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? తెచ్చిస్తే, భయపడి తెచ్చిచ్చింది అంటారు. తరిమేద్దామంటే గుడ్లు వెచ్చగా ఉన్నాయి. మూడు వారాలు, ఎవరైనా ఇటు తొంగిచూస్తే ఎలాగా అని బిక్కుబిక్కుమంటూ మేపాను. దొంగతనం చెయ్యకుండానే దొంగబతుకు బతికాననుకో."

కోడలు పెట్టను ముందుకు చాచింది. "అత్తయ్య పంపింది."

"తీసుకెళ్లు అమ్మాయ్. ఇది రేపు నా గుమ్మంలో తిరిగితే ఏమంటారు? ఒకటి తిన్నది చాలక రెండోది పట్టుకొచ్చింది అంటారు." ఆ మాటకు తనే చిన్నగా నవ్వింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "మీ అత్త మీద నాకేం లేదు. ఆమెది నోరే పెద్దది. ఆ రోజు ఆమె నీ పేరు చెప్పినప్పుడు నేను నీ వైపు చూశాను."

మళ్లీ మిషను ముందు కూర్చుంది. సూది కదిలింది. కోడలు కోడితో సహా వెనక్కి వచ్చింది.

మర్నాడు నీళ్లొచ్చే వేళకి అత్తగారు నడుంనొప్పి అంది. "ఈ పూటకి నువ్వే వెళ్లు. నేను రేపు వస్తాను." కోడలు బకెట్టు పుచ్చుకుని బయలుదేరింది. దారిలో మాటలు కూర్చుకుంది. కుళాయి దగ్గరికి చేరేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"మా దొరసాని దొరికింది" అంది.

ఎవరూ వినలేదు. కుళాయి శబ్దం. మళ్లీ అంది, ఈసారి గొంతు పగిలినట్టు వచ్చింది. "మా కోడి దొరికింది! అది పొదగడానికి వెళ్లింది. పిన్ని తినలేదు. నేను చూసింది ఉత్త ఈకలే. ఆ రోజు అడిగినప్పుడు నేను ఆ మాట చెప్పలేదు. తప్పు నాది."

తిడతారనుకుంది. తిట్టినా బాగుండేది.

"అయ్యో, దానికేం! మాకు అప్పుడే తెలుసు" అంది బడి ఆయా బిందె కడుగుతూ. "మిషనమ్మ అలాంటిది కాదని నేను ఆ రోజే అనుకున్నాను."

"నేనూ నమ్మలేదమ్మా."

"నేనసలు పట్టించుకోనేలేదు."

"అందరూ శాకాహారులేనట, రొయ్యలబుట్ట మాత్రం మాయమైందట!" అని ఒక ముసలామె పళ్లులేని నోటితో నవ్వింది. అందరూ నవ్వారు. "మరి మీ అత్త రాలేదేం? నోటికి తాళం పడిందా?" అని ఇంకొకావిడ అంది. మళ్లీ నవ్వులు. ఆ తరువాత కందిరీగల గురించి, కొత్త పాలవాడి గురించి మాట మళ్లిపోయింది. తాను నమ్మానన్నవాళ్లు ఒక్కరూ లేరు. ముక్కలు అడిగిన చేతులన్నీ అక్కడే బిందెలెత్తుకుంటున్నాయి.

సగం నిండిన బకెట్టుతో కోడలు ఇంటికి వచ్చింది. అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది. కుళాయి మాటలు అక్కడిదాకా వినిపిస్తాయి.

"ఇంటి పరువంతా వీధిలో పారబోశావు" అంది.

"మనం మొన్న పారబోసింది పిన్ని పరువు అత్తయ్యా."

పెళ్లయ్యాక ఆమె అత్తగారికి ఎదురు చెప్పడం అదే మొదలు. అత్తగారు గోనెపట్టా తీసి గంప ఎత్తింది. పిల్లలు బిలబిలమంటూ బయటికి వచ్చాయి. ఆమె వాటి వైపు చూడకుండా లోపలికి వెళ్లింది.

కోడలు ఆ బకెట్టుతోనే కంచె సందులోంచి మిషనమ్మ గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడింది. లోపలికి రమ్మంటుందో లేదో తెలియలేదు. మిషనమ్మ దారం తెంపి, సూదిలోకి ఎక్కించుకుంటూ కొసను పెదవుల మధ్య తడిపింది.

"విన్నాను. గట్టిగానే చెప్పావు."

"ఎవరూ నమ్మలేదంట పిన్నీ ఆ రోజు. అందరూ అదే అంటున్నారు."

"అంటారు." దారం సూదిలోకి ఎక్కలేదు. మళ్లీ తడిపింది. "ఇకనుంచి నీకు ఆ వేళలో అక్కడ నిలబడటం కష్టంగా ఉంటుంది. బకెట్టు నిండటం లేదనిపిస్తుంది. అందరూ నిన్నే చూస్తున్నారనిపిస్తుంది, చూడకపోయినా."

కోడలు తల దించుకుంది.

"ఎండ నడినెత్తికొచ్చాక సన్నగా ఒక ధార వస్తుంది. అప్పుడెవరూ ఉండరు. నేను అప్పుడే వెళ్తున్నాను" అంది మిషనమ్మ. "కావాలంటే రా."

దారం ఈసారి ఎక్కింది. ఆమె చొక్కా వైపు వంగి కుట్టు మొదలుపెట్టింది. కోడలు బకెట్టులోని సగం నీళ్లు మిషనమ్మ తొట్టిలో పోసి, ఖాళీ బకెట్టును గుమ్మం పక్కన బోర్లించి, ఎండ ఎక్కేదాకా ఆ అరుగు మీదే కూర్చుంది.