వడగళ్లకు రాలిన విమానం

పొద్దున్నే పాలపాకెట్టు తెచ్చి, చాయ్ కాచి, చంద్రయ్య రెండు గ్లాసుల్లో పోసేవాడు. ఒకటి తాను తాగి, రెండోది మిద్దె మీదికి తీసుకెళ్లి భార్య వెంకటనర్సమ్మ పక్కన పెట్టి, వంచిన తల ఎత్తకుండానే దిగి వచ్చేవాడు. తర్వాత సైకిలెక్కి నాచారం, పైపుల ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు. సాయంత్రం తిరిగొచ్చేసరికీ ఆమె మిద్దె మీదే ఉండేది. బియ్యం ఏరినా, కూర తరిగినా అక్కడే. పైన కొడుకు విమానం తిరుగుతుంటే ఆమెకు కిందికి దిగబుద్ధయ్యేది కాదు.

రంజిత్ పోయి మూడేళ్లయింది. ఆ రోజు నాగోలు దిక్కు, మూసీ ఒడ్డున ఖాళీ జాగాలో, స్నేహితుడు తేజేష్‌తో కలిసి రిమోటు విమానం ఎగరేశాడు. ఇద్దరూ ఇంజనీరింగ్‌లో ఒకే క్లాసు. ఆ విమానం ఇద్దరూ కలిసి చేసిందే. గాలికి అది రోడ్డు దాటి పోతుంటే రంజిత్ మొహం పైకెత్తి దాని వెంట పరిగెత్తాడు. ఇసుక లారీ రావడం చూడలేదు. తేజేష్ చేతిలో రిమోటు చేతిలోనే ఉండిపోయింది. ఆ గోలలో విమానాన్ని దించాలని ఎవరికి తోస్తుంది? శవం ఉప్పల్‌లో ఇల్లు చేరేసరికి అది ఆ ఇంటి మీద గిరికీలు కొడుతూ ఉంది. అప్పట్నుంచీ అక్కడే తిరుగుతోంది.

ఇంధనం ఎక్కడిదని ఎవరూ అడగలేదు. గల్లీలో పిల్లలు గాలిపటాలు దానికి తగలకుండా పక్కకు లాక్కునేవాళ్లు. దాని మోత బరువెక్కితే వాన వస్తుందని ఆడవాళ్లు ఆరేసిన బట్టలు తీసుకునేవాళ్లు. పక్కింటి అనంతలక్ష్మి కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు మంచినీళ్లు ఏ వేళ వస్తాయో చెప్పి, "పైన తిరిగేది చంద్రయ్యోళ్ల పిలగానిది" అని కూడా చెప్పేది.

చంద్రయ్య మాత్రం ఏనాడూ తలెత్తి చూడలేదు. కొడుకు పేరు కూడా ఎత్తలేదు. తేజేష్ మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం వడగళ్ల వాన పడింది. నిమ్మకాయలంతేసి రాళ్లు. పైనున్న మోత రెండుసార్లు దగ్గి, తెగిపోయింది. చంద్రయ్య పరిగెత్తి మెట్లెక్కేసరికి వెంకటనర్సమ్మ తడిసి ముద్దై, విమానాన్ని ఒళ్లో పెట్టుకుని కూచుంది. ఒక రెక్క సగానికి విరిగింది. తోక ఊడింది. ముందున్న పంకాకు ఒక ఆకు లేదు.

"పానం ఉందా సూడయ్యా," అంది.

చంద్రయ్య దాన్ని ముట్టుకున్నాడు. అంత వానలోనూ వెచ్చగా ఉంది.

మర్నాడు డ్యూటీ దిగి అటు నుంచి అటే నాచారంలో తేజేష్ ఇంటికి వెళ్లాడు. తలుపు తీసిన తేజేష్ ఆయన్ని చూసి వెనక్కి అడుగేశాడు.

"విమానం పడ్డది బిడ్డా," అన్నాడు చంద్రయ్య. "మాకు అతుకుడు రాదు. నువ్వొచ్చి జర సూడు."

తేజేష్ లోపలికి వెళ్లి, తువ్వాల్లో చుట్టిన రిమోటు తెచ్చాడు. "ఛార్జింగ్ పెడుతూనే ఉన్నానంకుల్," అన్నాడు. చెప్పులేసుకుని వెంట నడిచాడు.

ఆ వారమంతా సాయంత్రాలు ముందుగదిలో పేపర్లు పరిచి కూచున్నారు. తేజేష్ రెక్క మీది ప్లాస్టిక్ పొర చీరి తీశాడు. లోపల దూదంత తేలికైన కర్ర, చేప ముళ్లలా వరసగా పుల్లలు. విరిగినచోట అటూ ఇటూ సన్నపలకలు ఆనించి, బంక పూసి, ఆరేదాకా బట్టల క్లిప్పులు పెట్టాడు. ఊడిన తోకనూ అలాగే అతికి, ముందు కొత్త పంకా బిగించాడు. బంక ఆరాక గరుకు కాగితంతో నునుపు చేసే పని చంద్రయ్యది. ఒక పుల్ల మీద రంజిత్ పెన్సిలుతో గీసిన గీత కనిపించింది. దాని మీద కాగితం పెట్టడానికి చెయ్యి రాక, పక్క నుంచి రుద్దుకుంటూ పోయాడు.

"ఆ రోజు వాణ్ని పిలిచానంకుల్," అన్నాడు తేజేష్ తల ఎత్తకుండా. "గట్టిగానే పిలిచాను. వినపడలేదు."

"ఆటల పడితె ఇననే ఇనకపోయేటోడు," అన్నాడు చంద్రయ్య. "నువ్వేం జేస్తవ్ బిడ్డా."

కొత్త పొర అతికించింది వెంకటనర్సమ్మ. తేజేష్ రెండు కొసలూ లాగి పట్టుకుంటే, ఆమె ఇస్త్రీపెట్టె ఆనిస్తూ పోయింది. ముడతలు సాగి రెక్క బిగిసింది. తెల్ల షీటు దొరకలేదు, అతికిన రెక్క పసుపుపచ్చగా మిగిలింది.

"బీరువ మీద పెట్టుకుందం," అన్నాడు చంద్రయ్య. "మల్ల పైకి పోతె దిగుతదో లేదో. ఇంట్లనే ఉంటది."

వెంకటనర్సమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "మూడేండ్లు సూసిన. అలిసిపోయిందది. ఆనాడు ఎవ్వరు దించలే గద. ఒక్కపారి ఎగరేసి తీరుగ దించున్రి."

"నువ్వు రావా?"

"ఆ తొవ్వ నేను సూడలేను. మీరే పోయి తోలుకరాన్రి."

ఆదివారం పొద్దున చంద్రయ్య, తేజేష్ మూసీ ఒడ్డుకు వెళ్లారు. విమానం గడ్డి మీద కాస్త దూరం ఉరికి లేచింది. తేజేష్ ఒక చుట్టు తిప్పాడు, రెండు చుట్లు తిప్పాడు. దించబోతే అది దిగలేదు. రిమోటు మీద వేళ్లు ఎటు కదిపినా తన మానాన తాను తిరుగుతూనే ఉంది.

"నా మాట వినట్లేదంకుల్." అన్నాడు తేజేష్.

అప్పుడు చంద్రయ్య తల పైకెత్తాడు. ఎండ కళ్లలో గుచ్చుకుంది. ఒక తెల్ల రెక్క, ఒక పసుపు రెక్క, మధ్యలో గుప్పెడంత ఒళ్లు. ఇంత చిన్నదా, అనుకున్నాడు. నోటి దగ్గర రెండు చేతులూ దోనె చేసి, గొంతు చిరిగేలా అరిచాడు.

"రంజితూ! ఆడింది సాలిగ! ఇంటికి పోదాం రా!"

విమానం పక్కకు ఒరిగింది, సర్దుకుంది, మెల్లగా దిగి గడ్డి మీద దొర్లుకుంటూ వచ్చి ఆయన కాళ్ల ముందు ఆగింది.

తేజేష్ బ్యాటరీ ఊడదీశాడు. ట్యాంకులో మిగిలిన ఇంధనం మట్టిలో ఒంపేశాడు. చంద్రయ్య విమానాన్ని నిద్రపోయిన పిల్లవాణ్ని ఎత్తుకున్నట్టు భుజాన వేసుకున్నాడు.

ఇల్లు చేరాలంటే ఆ రోడ్డే దాటాలి. తేజేష్ ముందు నడుస్తున్నాడు. చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటూ, ఏ బండి వస్తుందో చూడకుండా రోడ్డు మీదికి అడుగేశాడు.

చంద్రయ్య భుజం మీద, బ్యాటరీ లేని విమానం ఒక్కసారి బుర్రుమంది.

తేజేష్ చటుక్కున ఆగి వెనక్కి తిరిగాడు. వాడి వీపును రాసుకుంటున్నట్టుగా నీళ్ల ట్యాంకరు దూసుకుపోయింది. వాడి చొక్కా గాలికి లేచి మళ్లీ ఒంటికి అంటుకుంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. విమానం మళ్లీ చప్పుడు చేయలేదు.

చంద్రయ్య వచ్చి తేజేష్ మణికట్టు పట్టుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. మూడేళ్లు రాని ఏడుపు నడిరోడ్డు మీద వచ్చింది. బండ్లవాళ్లు హారన్లు కొడుతున్నా దాన్ని ఆపుకోలేదు, రోడ్డు అవతలి పక్కకు చేరేదాకా ఆ చెయ్యీ వదల్లేదు.